కంపెనీ చేయి వదిలేసిన కంప్యూటర్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విండోస్ 10కు మద్దతు ముగిసిన నాటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలా భాగం ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. యంత్రం నిక్షేపంలా పనిచేస్తోంది, కానీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఒప్పుకోవడం లేదు. ఇప్పుడేం చేయాలన్నది అందరి ప్రశ్న. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి తాను వాడిన 2017 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్ నాకిచ్చాడు. 8 జీబీ మెమరీ, 128 జీబీ డిస్కు. అది మాంటెరే అనే మ్యాక్‌ఓఎస్ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో అందులో దానికంటే కొత్త వెర్షన్ సెకోయా ఎక్కించవచ్చని మా మేనల్లుడు అంటున్నాడు. నేను రిటైరైన టీచరును. కథలు రాసుకుంటాను, పిల్లలతో వీడియో కాల్స్ మాట్లాడతాను, అప్పుడప్పుడు బ్యాంకు పనులు చూసుకుంటాను. అతని మాట వినవచ్చా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: వినవచ్చు, అయితే ఆ పని ఒక్క పూటతో ముగిసేది కాదని ముందే తెలుసుకుని వినండి. మీ యంత్రానికి ఆపిల్ ఇచ్చిన ఆఖరి వ్యవస్థ 2021లో వచ్చిన మాంటెరే. దానికి చివరి భద్రతా సవరణ 12.7.6 పేరుతో 2024 జులైలో వచ్చింది. మీ ల్యాప్‌టాప్ పేరుకు 2017దే గానీ లోపలున్నది ఇంటెల్ ఐదో తరం ప్రాసెసర్. ఆ తరం గ్రాఫిక్స్ నడవడానికి కావలసిన డ్రైవర్లను 2022 నాటి వెంచురాలో ఆపిల్ తీసేసింది. ఆ మరుసటి ఏడాది సోనోమాలో మీ వైఫై చిప్పు డ్రైవరు కూడా పోయింది. మీ మేనల్లుడు చెబుతున్న ప్యాచర్ పూడ్చేది ముఖ్యంగా ఈ రెండు ఖాళీలనే.

అది రెండు అంచెల్లో పనిచేస్తుంది. మొదటిది ఓపెన్‌కోర్ అనే బూట్ లోడర్. డిస్కు మొదట్లో ఉండే చిన్న ఈఎఫ్ఐ భాగంలో కూర్చుని, యంత్రం మేలుకోగానే తాను ముందు లేచి, మ్యాక్‌ఓఎస్ అడిగే 'నువ్వే మోడల్?' అనే ప్రశ్నకు అడ్డు రాని జవాబు ఇప్పించి, అవసరమైన మార్పులను మెమరీలోనే చేసి వ్యవస్థను నడిపిస్తుంది. ఈ అంచెలో ఆపిల్ ఫైళ్లను ఏవీ ముట్టుకోదు కనుక దీనివల్ల పెద్ద చిక్కేమీ లేదు. రెండోది రూట్ ప్యాచింగ్. తీసేసిన పాత డ్రైవర్లను తెచ్చి వ్యవస్థ భాగంలోనే తిరిగి అమర్చడం ఇక్కడ జరుగుతుంది. 2020 నాటి బిగ్ సర్ నుంచి ఆ భాగానికి ఆపిల్ డిజిటల్ ముద్ర వేస్తోంది, ఒక్క ఫైలు మారినా తెలిసిపోయేలాగ. రూట్ ప్యాచింగ్ ఆ ముద్రను తెంచుతుంది, సిస్టమ్ ఇంటిగ్రిటీ ప్రొటెక్షన్ అనే రక్షణను కూడా కొంతమేర సడలిస్తుంది. మీరు ఇస్తున్న మూల్యం ఇదే, దీన్ని తక్కువ చేసి చెప్పే వారి మాట నమ్మకండి.

ముద్ర తెగిన దానికి రోజువారీ పర్యవసానం ఒకటుంది. మామూలు మ్యాక్‌కు చిన్న అప్‌డేట్ వచ్చినప్పుడు మారిన ముక్క మాత్రమే దిగుతుంది, మీకు మాత్రం ప్రతిసారీ మొత్తం ఇన్‌స్టాలరే, అంటే పది జీబీకి పైగా దిగుతుంది. అది పూర్తయ్యాక వ్యవస్థ భాగం మళ్లీ కొత్తదవుతుంది గనుక, మీరు పెట్టుకున్న పాత డ్రైవర్లు అందులో ఉండవు. తెర మీద కిటికీలు ఈడ్చుకుంటూ కదులుతాయి, వైఫై గుర్తు ఉన్నా నెట్‌వర్కులేవీ కనబడవు. అది చూసి యంత్రం పాడైందని కంగారు పడేవారు చాలామంది. ప్యాచర్‌ను తెరిచి రూట్ ప్యాచ్ మళ్లీ వేసి రీస్టార్ట్ చేస్తే అన్నీ వెనక్కి వస్తాయి. కానీ కొన్నిసార్లు ప్యాచర్ తనకు కావలసిన ఫైళ్లను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి, మీకేమో వైఫై లేదు. అందుకని యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ ఒకటి సొరుగులో ఉంచుకోండి. ఐఫోన్‌ను కేబుల్‌తో కలిపినా సరిపోతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల కేబుల్ ఇంటర్నెట్ మాత్రం మ్యాక్‌లో నేరుగా పనిచేయదు, ఆ ఒక్కదాన్నే నమ్ముకుని అప్‌డేట్ మొదలుపెట్టవద్దు.

ఆటోమేటిక్ అప్‌డేట్లను మొదటి రోజే ఆపేయండి. కొత్త అప్‌డేట్ రాగానే వేయకుండా, దానికి తగ్గట్టు ప్యాచర్ కొత్త వెర్షన్ వచ్చిందో లేదో చూసుకుని, ముందు ప్యాచర్‌ను, దానితోపాటు ఓపెన్‌కోర్‌ను నవీకరించి, ఆ తర్వాతే మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ వేయాలి. వరస తారుమారైతే యంత్రం బూట్ కాకపోవచ్చు. ఇంకొక మాట. 2025 సెప్టెంబరులో వచ్చిన టాహో అనే మ్యాక్‌ఓఎస్ 26ను ఆపిల్ 2019, 2020 నాటి నాలుగే నాలుగు ఇంటెల్ మోడళ్లకు ఇచ్చింది, ఇంటెల్ మ్యాక్‌లకు అదే ఆఖరిదని కూడా ప్రకటించింది. సెట్టింగ్స్‌లో టాహో బొమ్మ ఎంత ఊరించినా ఆ మీట నొక్కకండి. ప్యాచర్ 2.0తో మొదలైన సెకోయా మద్దతు మీకు చాలు. ఆపిల్ సాధారణంగా చివరి మూడు వెర్షన్లకు భద్రతా సవరణలు ఇస్తూ వస్తోంది కాబట్టి, సోనోమా కంటే సెకోయా వేసుకుంటే ఒక ఏడాది ఎక్కువ కలిసొస్తుంది.

ఇక ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. మీ లోపలి డిస్కును ముట్టుకోవద్దు. ముందుగా మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషిన్‌తో పూర్తి బ్యాకప్ తీయండి, మీ కథలను విడిగా మరో పెన్‌డ్రైవ్‌లోకి కూడా కాపీ చేయండి. తర్వాత యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ ఒకటి కొని, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ తయారు చేసుకుని, సెకోయాను ఆ బయటి ఎస్ఎస్‌డీ మీదే ఎక్కించమని మీ మేనల్లుడికి చెప్పండి. ఓపెన్‌కోర్ కూడా దాని మీదే ఉండాలి. ఆన్ చేసేటప్పుడు ఆప్షన్ కీ పట్టుకుంటే ఏ డిస్కు నుంచి లేవాలో యంత్రం అడుగుతుంది. అక్కడ ఓపెన్‌కోర్ గుర్తున్న ఈఎఫ్ఐ బూట్‌ను ఎంచుకుని, తర్వాత వచ్చే జాబితాలో సెకోయాను ఎంచుకోవాలి. మొదటి మెట్టు దాటవేసి నేరుగా సెకోయా డిస్కును ఎంచుకుంటే, అడ్డగీత ఉన్న వృత్తం కనిపించి ఆగిపోతుంది. దానికి భయపడనక్కర్లేదు, ఆపి మళ్లీ సరైన దారిలో వస్తే చాలు. ఇలా ఒక నెల వాడండి. వీడియో కాల్‌లో కెమెరా, మైకు సరిగా ఉన్నాయా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా, మీ తెలుగు కీబోర్డు ఎప్పటిలాగే ఉందా, ఒక అప్‌డేట్‌ను మీ చేత్తో మీరు దాటించగలిగారా అన్నవి చూసుకుని, అన్నీ కుదిరాక లోపలి డిస్కు సంగతి ఆలోచించండి. కుదరకపోతే ఎస్ఎస్‌డీ తీసేస్తే చాలు, మీ మాంటెరే మీకు అలాగే ఉంటుంది.

బ్యాంకు పనుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సవరణలు ఆగిపోయిన మాంటెరే కంటే, సవరణలు అందుతున్న సెకోయా నయమే. కానీ తిరిగి అతికించిన పాత డ్రైవర్లకు ఎవరూ మరమ్మతు చేయరు, ముద్ర కూడా తెగి ఉంది. కాబట్టి బ్యాంకు లావాదేవీలను ఇంకా అప్‌డేట్లు అందుతున్న మీ ఫోనులోనే చేసుకుని, కథలకూ కాల్స్‌కూ ఈ యంత్రాన్ని వాడండి.

వీటన్నిటికంటే ముందు ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి చూడండి. నాలుగు మూలలూ ఆనకుండా ఊగుతున్నా, ట్రాక్‌ప్యాడ్ నొక్కుడు పడకుండా బిగుసుకున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇన్నేళ్ల బ్యాటరీకి అది అరుదేమీ కాదు. అలా ఉంటే చార్జింగ్ ఆపి, ముందు బ్యాటరీ మార్పించండి.

ప్రశ్న: మా ఇంట్లో 2016లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఇంటెల్ ఐ5-6500, 8 జీబీ మెమరీ, విండోస్ 10. విండోస్ 11కు మీ ప్రాసెసర్ పనికిరాదని తెరమీద వస్తోంది. మా వీధిలోని షాపు వాళ్లు 'బైపాస్ చేసి (ఆ తనిఖీని దాటవేసి) వేసేస్తాం, ఏం కాదు' అంటున్నారు. వేయించుకోవచ్చా?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వాళ్లు చెప్పినది సాధ్యమే, కానీ 'ఏం కాదు' అన్న మాటకు పూచీ ఎవరిది? విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి అధికారికంగా ఒప్పుకుంటుంది. దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బూట్ పద్ధతి, సెక్యూర్ బూట్ అనే బూట్ రక్షణ అడుగుతుంది. మీది ఆరో తరం. అయితే ఆ తరం మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఇంటెల్ పీటీటీ పేరుతో టీపీఎం 2.0 బయాస్‌లోనే (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగ్స్‌లోనే) ఉండి, ఆఫ్ చేసి ఉంటుంది. అది ఆన్ చేస్తే మీకు మిగిలే అడ్డంకి ప్రాసెసర్ జాబితా ఒక్కటే.

తొందరపడకుండా ఉండటానికి మీకొక వెసులుబాటు ఉంది. విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినా, ఇంటి వాడకందారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మీ కంప్యూటర్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌ను ఆ ఖాతాలోకి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు, లేదంటే ముప్పై డాలర్లు కట్టి కూడా చేరవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు కనిపిస్తుంది. మీ చోట నేనుంటే ముందు ఇది చేసి, తీరిగ్గా మిగతాది ఆలోచిస్తాను.

విండోస్ 11 వేయాలనే నిర్ణయించుకుంటే, ఇన్‌స్టాలేషన్ ఫైలును మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచే మీరు దించి ఇవ్వండి. నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది బైపాస్‌కు కాదు, షాపుల్లో పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారే, ఎవరో మార్పులు చేసిన విండోస్ ప్రతులకు. ఆ ప్రతిలో ఏముందో వేసే కుర్రాడికీ తెలియదు. అసలు ఫైలును రూఫస్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించేటప్పుడు టీపీఎం, సెక్యూర్ బూట్, మెమరీ తనిఖీలను తీసేయమంటారా అని అదే ఒక గడిలో అడుగుతుంది. ఆ పెన్‌డ్రైవ్‌లోని సెటప్‌ను విండోస్ 10 లోంచే నడిపితే మీ ఫైళ్లు, ప్రోగ్రాములు నిలుస్తాయి. నచ్చకపోతే పది రోజుల్లోగా వెనక్కి వెళ్లే అవకాశం సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. అయినా బ్యాకప్ లేకుండా దిగవద్దు.

ఎక్కిన తర్వాత సంగతే షాపులో ఎవరూ చెప్పరు. ఇలాంటి యంత్రాలకు నెలనెలా భద్రతా అప్‌డేట్లు మామూలుగా వస్తూనే ఉన్నాయి, కానీ వాటికి హామీ లేదని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. ఏడాదికొకసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం విండోస్ అప్‌డేట్ తనంతట తాను మీకు ఇవ్వదు. ఉదాహరణకు 25హెచ్2 హోమ్, ప్రో ఎడిషన్లకు 2027 అక్టోబరు 12 వరకే సవరణలు అందుతాయి. ఆలోగా తర్వాతి వెర్షన్ ఫైలు దించి, ఇదే తతంగం మీరే మళ్లీ చేయాలి. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకునే ఓపిక ఉంటేనే ఈ దారి పట్టండి. పెద్ద వెర్షన్లు ఎప్పుడైనా తలుపు మూసేయగలవనడానికి ఉదాహరణ ఇదివరకే ఉంది: 2024లో వచ్చిన 24హెచ్2, పాప్‌కౌంట్ అనే ఆదేశం తెలియని కోర్ 2 డుయో నాటి ప్రాసెసర్ల మీద బూట్ కావడమే మానేసింది. దానికి ఏ బైపాసూ పనిచేయదు, ఎందుకంటే అక్కడ అడ్డుపడింది తనిఖీ కాదు, ఆ ఆదేశం చిప్పులోనే లేకపోవడం. మీ ఐ5కు ఆ ఆదేశం తెలుసు కనుక ఇప్పటికి ఇబ్బంది లేదు.

ఇంకో జాగ్రత్త. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ కావచ్చు. ఆ తర్వాత బయాస్‌లో టీపీఎం సెట్టింగ్ కదిలిస్తే, 48 అంకెల రికవరీ కీ అడిగి ఆగిపోతుంది. ఆ కీని ఖాతాలోంచి తీసుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది లేకపోతే పిల్లల ఫొటోలు డిస్కులోనే ఉన్నా మీవి కావు.

మీ ఇంట్లో ఆ కంప్యూటర్ మీద జరిగేది బ్రౌజరు, సినిమాలు, ఉత్తరాలు మాత్రమే అయితే లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం వీటన్నిటికంటే తక్కువ శ్రమ. దానికి 2029 వరకు సవరణలు అందుతాయి, మీ ప్రాసెసర్‌ను అది అసలు ప్రశ్నించదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటరు పలుకుతోందో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఆటం ప్రాసెసర్, 1 జీబీ మెమరీ ఉన్న పాత నెట్‌బుక్‌లో లినక్స్ వేసి మా పాపకు ఆన్‌లైన్ పాఠాలకు ఇవ్వవచ్చా?
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: పాఠాలకు ఇవ్వవద్దు. తొలినాటి ఆటం ప్రాసెసర్లలో చాలావరకు 32 బిట్‌వే. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ తన 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను వెర్షన్ 12తోనే ఆపేసింది, 2025 ఆగస్టులో వచ్చిన 13లో అది లేదు. డెబియన్ 12ను తేలికైన డెస్క్‌టాప్‌తో ఎక్కించినా, నేటి వీడియో పాఠాల పేజీ ఒక్కటి తెరిస్తే 1 జీబీ మెమరీ అక్కడే నిండిపోతుంది. టైపింగ్ నేర్చుకోవడానికి, తెలుగులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సాధన చేయడానికి మాత్రం ఇంటర్నెట్ లేకుండా ఇచ్చేయండి, అది బాగా పనికొస్తుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగుకు అను స్క్రిప్ట్, విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్ మీదే పెళ్లి కార్డులు, సావనీర్లు, కవితా సంపుటాలు చేశాను. ఆ మదర్‌బోర్డు మొరాయిస్తోంది. కొత్త కంప్యూటర్ కొని అందులో ఎక్స్‌పీ వేయబోతే నీలి తెర వచ్చి ఆగిపోతోంది. ఏమిటి దారి?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: పై ఉత్తరాలన్నిటిలో యంత్రం పాతది, వ్యవస్థ కొత్తది, మీ దగ్గర అది తిరగబడింది. 2001లో పుట్టిన ఎక్స్‌పీకి నేటి డిస్కు కంట్రోలరును పలకరించడం తెలియదు. మొదట్లోనే నీలి తెర రావడానికి సాధారణ కారణం అదే. పాత బోర్డుల్లో బయాస్‌లో డిస్కును కలిపే సాటా పద్ధతిని పాతదైన ఐడీఈకి మారిస్తే గట్టెక్కేది. కొత్త బోర్డుల్లో చాలావాటికి ఆ సెట్టింగే లేదు, పాత పద్ధతి బూట్ కూడా లేదు. ఎలాగో ఎక్కించినా యూఎస్‌బీ 3కి, గ్రాఫిక్స్‌కు, నెట్‌వర్క్‌కు డ్రైవర్లు దొరకవు. ఆ దారిలో రోజులు పోగొట్టుకోవద్దు.

కొత్త కంప్యూటర్‌లో దానికి తగిన విండోస్ 11నే ఉంచి, వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసుకోండి. అది కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను సృష్టిస్తుంది, ఎక్స్‌పీకి పరిచయమున్న పాతకాలపు పరికరాలను దాని ముందు పెడుతుంది. కొత్త మిషన్ సృష్టించి, 1 జీబీ మెమరీ ఇచ్చి, డిస్కు కంట్రోలర్‌గా ఐడీఈని ఎంచుకుని, మీ దగ్గరున్న అసలు సీడీల నుంచి ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను వరసగా ఎక్కించండి. పాత డిస్కును ఉన్నది ఉన్నట్టుగా ఇందులోకి మార్చాలని చూసేవారు ఉన్నారు గానీ, పాత బోర్డుకు అలవాటుపడిన ఎక్స్‌పీ కొత్త పరిసరాల్లో లేవడానికి తరచుగా నిరాకరిస్తుంది. శుభ్రంగా మొదటినుంచి వేసుకోవడమే మేలు.

ఆ మిషన్‌కు నెట్‌వర్క్ తీసేయండి. ఎక్స్‌పీకి సవరణలు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయాయి, దాన్ని ఇంటర్నెట్‌లోకి వదలడానికి ఏ కారణమూ సరిపోదు. కార్డు పూర్తయ్యాక ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్ ద్వారా బయటికి తెచ్చి, ప్రింటు బయటి విండోస్ నుంచి తీయండి. అప్పుడు ప్రింటరుకు ఎక్స్‌పీ డ్రైవరు వెతుక్కునే బాధ కూడా ఉండదు. మిషన్ అంతా సిద్ధమయ్యాక దాని ఫోల్డరును మొత్తంగా మరో డిస్కులోకి కాపీ చేసుకుంటే, రేపు ఈ కంప్యూటర్ పోయినా వేరే దానిమీద అరగంటలో షాపు తెరవవచ్చు.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి. అను స్క్రిప్ట్‌లో చేసిన పాఠ్యం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు కనబడదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరసగా కనబడతాయి. ఆ కవితా సంపుటాల కవుల్లో కొందరి దగ్గర రాతప్రతి కూడా మిగిలి ఉండకపోవచ్చు, మీ డిస్కులో ఉన్నదే ఆఖరి ప్రతి కావచ్చు. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వత్తులు, సంయుక్తాక్షరాలు అక్కడక్కడా తప్పుతాయి గనుక మార్చాక ఒకసారి ప్రూఫు చదవక తప్పదు, అయినా ఆ శ్రమ పడండి. పెళ్లి కార్డులను వదిలేసినా సరే, పుస్తకాలతో మొదలుపెట్టండి.

పాత కంప్యూటర్‌ను మాత్రం ఈ రోజు నుంచే అనవసరంగా ఆన్ చేయడం ఆపండి. మొరాయించేది బోర్డే అనుకుంటున్నారు గానీ, ఇరవై ఏళ్ల హార్డ్ డిస్కును కూడా నమ్మలేం. డిస్కును బయటికి తీయించి, యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా కొత్త కంప్యూటర్‌కు తగిలించి, అందులో ఉన్నదంతా ఫాంట్ల ఫోల్డరుతో సహా రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచండి. వర్చువల్‌బాక్స్ పని ఆ తర్వాత వారం మొదలుపెట్టినా నష్టం లేదు.